అప్‌డేట్: తమ్ముడి ఆటిజం ఫామ్ అమ్మ నింపాలా, వాడే నింపాలా అని అడిగాను కదా

రిపిటీటివ్ బిహేవియర్స్ ఫామ్ గురించే అండి, అంటే ఒకే పని పదే పదే చేయడం, రొటీన్ మారితే తట్టుకోలేకపోవడం లాంటివి అడిగేది. తమ్ముడు జాబ్ చేస్తూ వేరే ఊళ్లో ఉంటాడు, మీరంతా వాడినే నింపనివ్వమన్నారు, అదే చేశాం. ముందు అనుకున్న ఆర్‌బీఎస్-ఆర్ అనే ఫామ్ 43 అంశాలది, దగ్గరున్నవాళ్లు చూసి చెప్పేది, మరి అమ్మ వాణ్ణి చూసేది పండక్కే. సైకాలజిస్ట్ దాని బదులు ఆర్‌బీక్యూ-2ఏ అనే ఫామ్ ఇచ్చారు, 2015లో పెద్దవాళ్ల కోసం వచ్చిందట, 20 ప్రశ్నలు, ఎవరిది వాళ్లే నింపుకోవాలి.

అసలు తేడా చేతులు, వేళ్లు పదే పదే కదిలిస్తారా అనే ప్రశ్న దగ్గర బయటపడింది. అమ్మ ఏమో చిన్నప్పుడు ఉండేది ఇప్పుడు పోయింది అంటుంది, వాడేమో రోజుకి 15 సార్ల పైనే అని టిక్ పెట్టాడు, ఆఫీస్‌లో టేబుల్ కింద ఒక్కో వేలూ బొటనవేలికి వరసగా తాకిస్తూ కూర్చుంటాడంట, మీటింగ్ అయిపోయేదాకా అదే పని! కదలికలకి, రొటీన్ మారితే తట్టుకోలేకపోవడానికి విడివిడిగా స్కోర్ చూస్తారు, వీడికి రెండోదే ఎక్కువ. ఈ స్కోర్ ఒక్కటే చూసి డయాగ్నసిస్ ఇవ్వరు, అది గుర్తుపెట్టుకోండి.

వేళ్ల అలవాటు మాన్పించాలా అని అమ్మ అడిగితే, ప్రశాంతంగా ఉండటానికే చేస్తున్నాడు, దెబ్బ తగలనంతవరకు వదిలేయండి అన్నారు సైకాలజిస్ట్. రొటీన్ సంగతికి వచ్చే నెల మళ్లీ వెళ్లాలి.