అప్‌డేట్: ఆ 5 రూపాయల బిళ్ళ బ్రోకేజ్ కాదు

పాత మందపాటి 5 రూపాయల కుప్రో నికెల్ బిళ్ళ, అంకె వైపు సింహాలు అద్దంలోలా తిరగబడి లోపలికి దిగి ఉన్నాయి, ఇది బ్రోకేజ్ అనే మింట్ (టంకశాల) తప్పేనా, అంటే యంత్రంలో ఇరుక్కున్న బిళ్ళ బొమ్మ తర్వాతి బిళ్ళ మీద పడిందా అని ఇదివరకు అడిగాను కదా. కాదు, ఎవరో వైస్‌లో (మర తిప్పి బిగించే ఇనుప పట్టులో) ఇంకో బిళ్ళతో కలిపి నొక్కిందే.

తూకం ఉండాల్సినట్టే 9 గ్రాములు ఉంది. కానీ నొక్కితే లోహం పోదు కాబట్టి దానితో ఏమీ తేలదు. పది రెట్ల లెన్స్ పెట్టి, లైటు పక్కనుంచి ఏటవాలుగా వేస్తే, గుంటపడ్డ సింహాల మధ్య 5 అంకె వంపు ఇంకా కనిపిస్తోంది. అసలు బ్రోకేజ్‌లో ముందు కొట్టిన బిళ్ళ అంకె వైపు డైకి (అచ్చు దిమ్మకి) అతుక్కుని అంకెను కప్పేస్తుంది. కప్పినచోట అంకె అచ్చే పడదు. రెండోవైపు సింహాల ముఖాలూ చదునయ్యాయి, అది వైస్ దవడ నొక్కుడు. మింట్‌లో అయితే ఆ వైపు డై అచ్చు స్ఫుటంగా ఉండేది.

విలువంటారా, 5 రూపాయలు. అదీ కొట్టువాడు తీసుకుంటే.