దిగ్భ్రమ: మా స్టేషన్లో సూర్యుడు పడమర పొడుస్తాడు

ఈ వారం మన గ్రూపులో చర్చకు మాట పెట్టే వంతు నాది. చాన్నాళ్లుగా దాచుకున్న మాటే పెడుతున్నాను: దిగ్భ్రమ.

దీని అక్క దిగ్భ్రాంతి మనకు రోజూ పేపర్లో కనిపిస్తుంది. బస్సు బోల్తా పడుతుంది, మంత్రిగారు దిగ్భ్రాంతి వ్యక్తం చేస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. అలా వినీ వినీ అది సంతాపానికి ఇంకో పేరైపోయింది. దిక్ + భ్రమ, జశ్త్వ సంధి, కకారం గకారమైంది అని బళ్లో రాసి మార్కు తెచ్చుకున్నాం గానీ, ఆ మాటలో నిజంగానే దిక్కు ఉందని నాకు తట్టింది ఆమదాలవలస స్టేషన్లో.

తెలియనివాళ్ల కోసం: శ్రీకాకుళం పట్నంలో రైల్వేస్టేషన్ లేదు. శ్రీకాకుళం రోడ్ అని బోర్డున్న స్టేషన్ ఉండేది పది కిలోమీటర్లకు పైగా అవతల, ఆమదాలవలసలో. నాన్న ఉద్యోగం సికింద్రాబాద్‌లో కావడంతో నాకు ఏడేళ్లు వచ్చేదాకా సొంతూరు తెలీదు. మొదటిసారి రాత్రి రైలెక్కి, కిటికీ పక్కన నిద్రపోయి, పొద్దున్న ఎనిమిదింటికి అమ్మ లేపితే దిగాను. ఎండ పడమటి నుంచి కొడుతోంది. నాకు ఎలాంటి అనుమానమూ లేదు, అది పడమరే. సూర్యుడే తప్పు చోట ఉన్నాడు.

అది ఒక పూటతో పోలేదు. నాగావళి గట్టున మా మామ్మ ఇంట్లోనూ దిక్కులు అలాగే తిరగబడి కూర్చున్నాయి. మా మామ్మకి కుడి, ఎడమ అనే మాటలతో పనే ఉండేది కాదు. ఎద్దులకైతే దాపల, వలపల. మిగతా లోకమంతా దిక్కులే. "కొంచెం తూర్పుకి జరిగి పడుకో", "ఆ కట్టె దక్షిణానికి లాగు, పొగొస్తంది". వంటింట్లో ఎదురెదురు గోడలకు రెండు గూళ్లుండేవి. "ఒరే గుంటడా, ఉత్తరపు గూట్లో ఉప్పు డబ్బా ఉంది, తెచ్చీ" అంది. నేను గబగబా వెళ్లి తెచ్చిన డబ్బాలోంచి ఆవిడ చూడకుండా చిటికెడు తీసి పులుసులో వేసేసింది. అది తాత నశ్యం డబ్బా. ఆ పూట అందరం మజ్జిగన్నమే తిన్నాం. "నీకు దిక్కు తెలీదేటిరా" అని ఆవిడ, దిక్కు తెలుసని నేను. ఇద్దరం నిజమే చెప్పాం.

కారణం ఇరవయ్యేళ్ల తర్వాత దొరికింది. హైదరాబాద్ వైపు నుంచి వచ్చి విశాఖ స్టేషన్లోకి వెళ్లిన రైలు, మన వైపు రావాలంటే వచ్చిన దారినే వెనక్కి బయటికి రావాలి. ఇంజను తీసి రెండో చివర తగిలిస్తారు. అప్పటిదాకా ముందున్నది వెనకవుతుంది, సముద్రం వైపున్న కిటికీలోకి కొండలొస్తాయి. మెలకువగా ఉన్నవాడు చూసి సర్దుకుంటాడు. నేను నిద్రలో ఉన్నాను, ఇంజను ఇంకా నా ముందే ఉందనుకుంటున్నాను.

ఇప్పుడు నా ప్రశ్న. మీ ఊళ్లో ఈ స్థితిని ఏమంటారు? దిగ్భ్రమను మళ్లీ దీనికోసం వాడుకుంటే బాగుండదా?

నరసన్నపేట టీచరమ్మ:
మేం "దిక్కులు తిరగబడ్డాయి" అంటామండీ. మా అత్తగారైతే "దిక్కు తప్పింది" అనేవారు. దిక్కుతోచడం లేదు, దిక్కులు చూస్తున్నాడు అని రోజూ అంటాం గానీ వాటిలో ఇప్పుడు దిక్కు ఎక్కడుంది? తోచనిది ఉపాయం, చూస్తున్నది శూన్యం. దిక్కులేనివాడు అంటే దారి తప్పినవాడు కాదు, అయినవాళ్లు లేనివాడు. మనవాళ్లకి ఎటు అన్నా ఎవరు అన్నా ఒకటే భయం కాబోలు.

బొబ్బిలి మాస్టారు:
ఆ మాటను మళ్లీ ఆ అర్థంలో వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సంస్కృతంలో దిగ్భ్రమకు మొదటి అర్థమే దిక్కు పొరబడటం. శంకరులదిగా చెప్పే ఆత్మబోధలో "దిగ్భ్రమాదివత్" అని ఉపమానం ఉంది: నిజం అనుభవానికి రాగానే నేను, నాది అన్న అజ్ఞానం దిగ్భ్రమలాగే తొలగిపోతుందని. దారి తప్పిన అనుభవం జనానికి బాగా తెలిసిందే కాబట్టి ఆ పోలిక చెల్లింది.

ఇంకొకటి. దక్షిణం అంటే కుడి కూడా. తూర్పు ముఖంగా నిలబడ్డ మనిషికి కుడిచేతి వైపు దక్షిణం. దేవుణ్ణి కుడివైపు ఉంచుకుని తిరిగితే ప్రదక్షిణం. ప్రాక్కు అంటే ముందు, తూర్పు రెండూ. సంస్కృతం దిక్కులు మనిషి ఒంటిని పట్టుకుని పుడితే, మన పడమర పొద్దును పట్టుకుంది, పొద్దు పడే వైపు కాబట్టి.

నేను:
మాస్టారూ, శంకరులతో నాకు చిన్న పేచీ. జ్ఞానం వచ్చి ఇన్నేళ్లయింది, భ్రమ పోలేదు. మ్యాప్ చూస్తాను, ఒప్పుకుంటాను, తల ఎత్తగానే ఎండ మళ్లీ పడమటిదే. 1894లోనే ఆల్‌ఫ్రెడ్ బినే ఈ తిరగబడ్డ దిక్కుల మీద ఒక వ్యాసం రాశాడని తెలిసి కాస్త ధైర్యం వచ్చింది. తెలివితేటల పరీక్షలకు పేరుపడ్డ ఆ బినేనే. కాబట్టి ఇది తెలివితక్కువకు సంబంధించింది కాదని మా ఇంట్లో చెప్పుకోవచ్చు.

పార్వతీపురం నుంచి ఒకరు:
తూర్పారబట్టడం కూడా తూర్పు గాలికి ధాన్యం ఎగరబోయడమే కదా? దిక్కు మాటల్లో అదీ కలపండి.

బొబ్బిలి మాస్టారు:
కలపకండి. అక్కడి తూర్పు వేరు. తూర్పెత్తడం అంటే గాలికి ఎగరబోసి పొల్లు వేరుచేయడం, తమిళంలో తూట్రు అంటారు. గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా తూర్పారబట్టొచ్చు. మా కళ్లంలో ఎక్కువగా పడమటి గాలికే పట్టేవాళ్లం.

మెడిసిన్ చదువుతున్న అమ్మాయి, విజయనగరం:
సార్, మీ నశ్యం డబ్బా మా న్యూరో క్లాసులో చెప్పాల్సింది. 1984లో జేమ్స్ రాంక్ ఎలుక మెదడులో ఒక రకం కణాలు కనిపెట్టారు. తల ఒక దిక్కుకు తిరిగినప్పుడే ఒక్కో కణం చురుగ్గా పనిచేస్తుంది. వాటికి అయస్కాంతంతో పనిలేదు. లోపలి చెవి చెప్పే మలుపుల్ని లెక్కేసుకుంటూ, కంటికి కనిపించే గుర్తులతో సరిచూసుకుంటూ దిక్కు నిలబెట్టుకుంటాయి. విశాఖలో మీ బోగీ గుండ్రంగా తిరగలేదు, కాబట్టి చెవికి తెలిసేదేమీ లేదు. కళ్లు మూసి ఉన్నాయి. పొద్దున్న మొదట కనిపించిన స్టేషన్ ఆ తప్పు లెక్కకే గుర్తుగా అతుక్కుపోయి ఉంటుంది. ఇది నా ఊహే, పరీక్షలో రాయను.

పెరిగిన చోటు గురించి కూడా ఒకటి చెప్పాలి. ఫోన్లో ఆడే పడవ ఆట ఒకటి పెట్టి, 38 దేశాల్లో దాదాపు నాలుగు లక్షల మంది దారి ఎలా పడతారో చూశారు. ఫలితాలు 2022లో వచ్చాయి. మొత్తం మీద పట్నం బయట పెరిగినవాళ్లు మెరుగు. గళ్లు గీసినట్టు వీధులుండే ఊళ్లలో పెరిగినవాళ్లు అలాంటి దారుల్లోనే బాగా రాణించారు. నేను పుట్టి పెరిగింది మూడు లాంతర్ల దగ్గర సందుల్లో. నన్ను చండీగఢ్‌లో వదిలితే ప్రతి మలుపూ ఒకేలా కనిపించి ఏడుస్తాను.

నేను:
అమ్మా, అయితే మా మామ్మ ఆ ఆట ఆడి ఉంటే బాగుండేది. ఆస్ట్రేలియాలో గూగు యిమిధిర్ అనే భాషవాళ్లు కూడా కాలికి, చేతికి సైతం ఉత్తరం, దక్షిణం అనే చెబుతారట. మా మామ్మ ఆ పక్కింటిదే. ఒక్క అభ్యంతరం. సెలవులకే ఊరెళ్లిన నాలాంటివాణ్ణి మీ లెక్కలో ఎక్కడ పెడతారు? నాకు సందుల తెలివీ రాలేదు, పొలాల తెలివీ రాలేదు.

కళింగపట్నం తమ్ముడు:
అన్నా, మాకు తూర్పంటే సముద్రం. అంతే. ఫోన్లో మ్యాప్ చూసి దెబ్బతిన్నాను. మన తీరం ఈశాన్యానికి ఏటవాలుగా పోతుంది కదా, ఇంటి గుమ్మం నుంచి నేరుగా నీళ్లలోకి నడిస్తే వెళ్లేది ఆగ్నేయానికి. ఇరవై ఆరేళ్లు తప్పు తూర్పుకి దండం పెట్టాను. మా నాన్న నడిసముద్రంలో దిక్కుల పేర్లు ఎత్తడు. దీపస్తంభం, దాని వెనకాల కొండ ఒక వరసలోకి వచ్చాయా, ఇటు వంశధార మొగ కనిపిస్తోందా అని చూసుకుని వల వేస్తాడు. మబ్బు పట్టి ఒడ్డు కనపడకపోతే దానికి ఆయన మాట వేరే ఉంది, గ్రూపులో రాయలేను.

నరసన్నపేట టీచరమ్మ:
శ్రీకూర్మం ఎవరూ అనలేదేం? స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. ధ్వజస్తంభాలు రెండు. గుడి అనగానే తూర్పు చూస్తుందని అనుకుని లోపలికెళ్లి, బయటికొచ్చాక చెప్పులు ఎటు విడిచామో తెలీక మా ఇంటిల్లిపాదీ కోనేటి చుట్టూ తిరిగాం. మీకు ఆ గుడి సరిగ్గా ఉంటుందేమోనండీ.

నేను:
లేదమ్మా, అక్కడ నేనూ అందరిలాగే. నా తిరగబాటు స్టేషన్ నుంచి మామ్మ ఇంటిదాకానే. ఏడు రోడ్ల కూడలికి వచ్చేసరికి దిక్కులు వాటంతటవే సర్దుకుంటాయి, ఏ మలుపులో సర్దుకుంటాయో ఇప్పటిదాకా పట్టుకోలేకపోయాను.

మొన్న సంక్రాంతికి పంతం పట్టాను. విశాఖలో నిద్రపోకుండా కూర్చుని, ప్లాట్‌ఫారం మీదికి దిగి, ఇంజను ఊడదీయడం, అటు చివర తగిలించడం టీ తాగుతూ కళ్లారా చూశాను. బండి కదిలాక సీటు మారి, వెళ్లే వైపుకి ముఖం పెట్టి కూర్చున్నాను. విజయనగరం దాటాను. చీపురుపల్లి దాటాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, సూర్యుడు తూర్పునే ఉన్నాడు, ఫోన్లో బాణం గుర్తు కూడా అదే అంటోంది. ఆమదాలవలసలో మెట్టు దిగి కాలు కింద పెట్టాను. బయట ఆటో అబ్బాయి "ఎటు బాబూ" అన్నాడు. "పడమటి వైపు" అంటూ చెయ్యి చూపించాను. అతను ఎండకి కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నేను చూపించిన వైపు చూశాడు.