చాయ కట్టిందా, ఛాయ కట్టిందా?

పాత నోట్సు: ఇరవై రెండేళ్ళ కిందటి సంగతి. ఎం.ఏ.లో మా మాస్టారు ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా ఉల్ఫ్ కథ 'క్యూ గార్డెన్స్' చెబుతూ మొదటి పేరాలో ఒక వాక్యాన్ని అప్పటికప్పుడు తెలుగు చేశారు. అదేనండీ, గాలికి పూరేకులు కదిలితే ఎరుపు, నీలం, పసుపు వెలుగులు ఒకదాని మీంచి ఒకటి జారే చోటు. నోట్సులో 'అంగుళం నేలకు చాయ కట్టింది' అని రాసుకున్నాను. మొన్న అటక మీంచి దింపి చూస్తే ఆ 'చా' కింద చిన్న గీత. ఒత్తో, సిరా మరకో తేలట్లేదు. మాస్టారు ఇప్పుడు లేరు. ఏమని ఉంటారంటారు?

ఉప్పుటేరు: చాయే. ఛాయ అంటే నీడ. అక్కడ పడింది నీడ కాదు, రంగు. చామనచాయ అంటాం గానీ చామనఛాయ అనం కదా.

పెద్దన పక్షం: తొందరపడకండి. చాయ ఆ ఛాయకే తద్భవం. ఒత్తు పోయింది గానీ నీడ పోలేదు. రేకుల్లోంచి దిగిన వెలుగు నీడా కాదు, ఉత్త రంగూ కాదు. మాస్టారు తెలిసే ఒత్తి పలికి ఉంటారు.

మినపగుళ్ళు: మరి చాయపెసరపప్పులో నీడ ఎక్కడుందండీ? పొట్టు తీస్తే లోపలి పచ్చదనం బయటపడుతుంది, అదే చాయ అని నా సిద్ధాంతం. ఎవరూ ఒప్పుకోరు, తెలుసు.

ఉప్పుటేరు: అసలు 'చాయ కట్టడం' ఎక్కడైనా విన్నారా? పాచి కడుతుంది, పొర కడుతుంది. రంగు తిరుగుతుంది.

వానపాము: మూలంలో 'స్టెయినింగ్' అని ఉంది. అంటే మరక. దీనికింత గొడవెందుకు?

నత్తగుల్ల: ఎందుకంటే కథ చివర అదే క్రియ మళ్ళీ వస్తుంది కాబట్టి. జూలై ఎండలో నడిచేవాళ్ళంతా చెట్ల కింద పసుపు పచ్చా కలిసిన గాలిలో నీటిచుక్కల్లా కరిగిపోతూ దానికి లేతగా ఎరుపూ నీలం అంటిస్తారు. మొదట్లో పువ్వులు నేలకు చేసింది చివర్లో మనుషులు గాలికి చేస్తారు. కథంతా ఆ రెండు వాక్యాల మధ్యే ఉంది. రెండుచోట్లా ఒకే మాట కుదరాలి. గాలికి మరక పడుతుందా?

వానపాము: పడదు. ఒప్పుకున్నా. కానీ చివర్లో 'లేతగా' అన్నారు చూడండి, అక్కడ ఛాయే బావుంటుంది. ఛాయామాత్రంగా అంటాం కదా.

నత్తగుల్ల: ఇంకో మాట. నీడ నల్లగానే ఉండాలనే లెక్క పారిస్ చిత్రకారులు 1870ల నాటికే తీసేశారు. నీడలకు నీలం, ఊదా వేశారు. 1910లో చిత్రకళా విమర్శకుడు రోజర్ ఫ్రై లండన్ గ్రాఫ్టన్ గ్యాలరీస్‌లో సెజాన్, గోగాన్, వాన్ గో బొమ్మలు పెడితే జనం నవ్విపోయారు. ఉల్ఫ్ స్నేహబృందం మాత్రం వాటి మీదే మాటలు నడిపింది. రంగున్న నీడ అనేది ఆ గుంపుకి ఇంటి మాట. అంటే చాయ, ఛాయ ఒకటే అయిన చోటు.

పెద్దన పక్షం: ఇదంతా పెద్దన చేసిందే. 'అటజని కాంచె' పద్యం చూడండి. ఆకాశాన్నంటే శిఖరం, జలపాతం, అలల మోత, పురి విప్పిన నెమళ్ళు, చరియల్లో ఏనుగులు ఊపే చెట్లు. 'శీతశైలమున్' అని కొండ పేరు ఆఖరి మాటలో గానీ రాదు. ముందు చూపు, తర్వాత పేరు. క్యూ గార్డెన్స్‌లోనూ ముందు రంగులు, తర్వాత మనుషులు.

ఉప్పుటేరు: పెద్దన పక్షం గారూ, ఆ పద్యంలో ఒక్క రంగు పేరైనా ఉందా? మృదంగం ఉంది. అది చెవి పద్యం.

పెద్దన పక్షం: పురి విప్పిన నెమలికి రంగు కూడా చెప్పాలా? పాఠకుడి కంట్లో లేదూ?

చెక్క అచ్చు: మీది పెద్దన, మాది పెడన. కలంకారీ అద్దకం పని ఇంట్లో చూస్తూ పెరిగినదాన్ని. మాకు రంగు 'అంటడం' వేరు, 'పట్టడం' వేరు. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద పటిక అచ్చు వేస్తే కంటికి సరిగా ఆనదు. ఎర్ర రంగు వేసిన కాగులో ఉడికిస్తే అచ్చు పడినంత మేరా ఎరుపు తేలుతుంది. అది పట్టిన రంగు, ఉతికినా పోదు. ఎండ పక్కకు జరిగితే పోయే రంగు మాత్రం అంటినది. అందుకని నా ఓటు 'అంటింది'కి. నత్తగుల్ల గారు చూసుకోకుండానే 'అంటిస్తారు' అని రాసేశారు, పైకి వెళ్ళి చూడండి.

నత్తగుల్ల: దొరికిపోయాను అక్కా. అన్నట్టు 1919లో ఉల్ఫ్ దంపతుల సొంత ముద్రణాలయం హోగార్త్ ప్రెస్ వేసిన ఆ చిన్న పుస్తకంలో బొమ్మలు చెక్క అచ్చులే. ఉల్ఫ్ అక్క వెనెసా బెల్ చెక్కింది. 150 ప్రతులు. ఇంత రంగుల కథకి నలుపు తెలుపు బొమ్మలు! 1927 ముద్రణలో అయితే ప్రతి పేజీలోనూ వాక్యాల చుట్టూ ఆమె గీతలే.

చెక్క అచ్చు: నలుపైతేనేం. చెక్క మీద రంగు ఉండదు, అంచే ఉంటుంది. రంగు చూసేవాళ్ళది. (పెద్దన గారి నెమలికి ఇదే నా సపోర్టు.)

మినపగుళ్ళు: బుచ్చిబాబు ఉంటే చెప్పేవాడు. కథలూ రాశాడు, బొమ్మలూ వేశాడు.

ఉప్పుటేరు: చెప్పేవాడు కాదు, ఇంకో నాలుగు పేజీల సందేహం రాసేవాడు.

పాత నోట్సు: అందరికీ థాంక్స్. కాగితాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. ఆ గీత వెనక పేజీలోంచి దిగినట్టుంది. అటువైపు మెస్ లెక్క ఉంది, సరిగ్గా అక్కడే 'బాకీ' కింద గీత కొట్టుకున్నాను.

పెద్దన పక్షం: దిగినట్టుందా, దిగిందా? ఒత్తు మీద గీత పడి ఉండొచ్చుగా?

మినపగుళ్ళు: అది సరే, బాకీ కట్టారా?