సైనికాధికారి జీతం హోదాకా, చేసే పనికా?

ప్రశ్న (బరంపురం, గంజాం జిల్లా):
మా మేనల్లుడికి పదమూడేళ్ల సర్వీసు నిండి మొన్ననే లెఫ్టినెంట్ కల్నల్ హోదా వచ్చింది. భుజం మీద నాలుగు సింహాల పక్కన నక్షత్రం ఒకటి చేరిందే తప్ప, కూర్చునే కుర్చీ గానీ చూసే ఫైళ్లు గానీ మారలేదని వాడే అన్నాడు. అయినా ఏడో వేతన సంఘం పట్టికలో మేజరు మూల వేతనం 69,400 రూపాయల దగ్గర మొదలైతే, ఈ హోదాకు 1,21,200 దగ్గర మొదలవుతుంది. పని మారనప్పుడు ఇంత తేడా ఎందుకు? గోపాల్‌పూర్‌లో గగనతల రక్షణ కళాశాల ఉన్నా, అక్కడి అధికారులను జీతం సంగతి అడగడం బాగుండదని ఇక్కడ అడుగుతున్నాను.

జవాబు (రాయగడ, మాజీ అధికారి):
పదమూడేళ్ల మేజరు ఇంక్రిమెంట్లతో 80 వేలు దాటి ఉంటాడు కాబట్టి తేడా మీరన్నంత కాదు గానీ, ఉన్న మాట నిజమే. 2004 చివర్లో, సైనికాధికారుల పదోన్నతులను పరిశీలించిన ఎ.వి. సింగ్ కమిటీ సిఫార్సు అమలయ్యాక రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజరు, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్ కావడం సర్వీసును బట్టే జరుగుతోంది. అంతకుముందు ఈ చివరి మెట్టుకు ఎంపిక ఉండేది. నాకు అసలు వింతగా తోచేది పై మెట్టు: పదోన్నతికి ఎంపిక చేసే బోర్డు వడపోతలో నెగ్గి, సుమారు ఎనిమిది వందల మంది ఉండే పటాలానికి నాయకుడయ్యే కల్నల్‌ మూల వేతనం 1,30,600 దగ్గర మొదలవుతుంది, మూడు ఇంక్రిమెంట్లు పడిన లెఫ్టినెంట్ కల్నల్ ఎవరికీ నాయకుడు కాకుండానే ఆ అంకె దాటేస్తాడు. బాధ్యత బరువెక్కే చోటే డబ్బు పలచబడుతోంది.

జవాబు (పర్లాకిమిడి, విశ్రాంత సుబేదారు):
నేను 2018లో సియాచిన్‌లో ఉన్నాను. మా కెప్టెన్ గారూ నేనూ ఒకే గుడారంలో, ఒకే కిరోసిన్ పొయ్యి దగ్గర చేతులు కాచుకునేవాళ్లం. వారికి నెలకు 42,500 భత్యం, నాకు 30,000. సైనిక సేవా వేతనం అధికారులకు 15,500, మాకు 5,200 అన్నదాన్ని, నిర్ణయాల భారం వారిదే గనుక, సరిపెట్టుకోగలను. చలికి ఇచ్చే భత్యానికి కూడా హోదా కొలబద్ద ఎందుకో మాత్రం నాకు అర్థం కాలేదు.

జవాబు (రాయగడ, మాజీ అధికారి):
సుబేదారు గారూ, సియాచిన్ విషయంలో మీతో వాదించను. కష్టానికిచ్చే భత్యం అందరికీ ఒకటే ఉండి, ఆ తేడా ఏదో పటాలాన్ని నడిపే కుర్చీకి చేరితే బాగుంటుందని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ నమస్కారాలు. కల్నల్ బోర్డు ఎప్పుడో మావాణ్ణి ఈ ఆదివారం అడుగుతాను.