దజాయ్ ఒసాము రచనల వెనుక ఉన్న స్త్రీల గురించి ఏం చదవాలి?

జపనీస్ రచయిత దజాయ్ ఒసామును ఆంగ్లానువాదాల్లో చదువుతున్న నన్ను ఒక సందేహం వదలడం లేదు. జపనీస్ తెలిసినవారు, ఆ సాహిత్యంతో దగ్గరి పరిచయం ఉన్నవారు తీర్చగలరని అడుగుతున్నాను.

1947లో వెలువడిన ‘షాయో’ నవలలో కథ చెప్పే కజుకో గొంతుకు ఆయన ప్రేయసి ఓతా షిజుకో డైరీ ఆధారమనీ, ఆ సంవత్సరమే ఆమె ఆయన కూతురికి జన్మనిచ్చిందనీ చదివాను. 1939 నాటి ‘జోసెయితో’ కథకు కూడా ఒక పాఠకురాలు పంపిన డైరీయే మూలం. స్త్రీ మనసును ఇంత సహజంగా పట్టుకున్నాడని మనం మెచ్చుకునే చోట, ఆ మెప్పులో ఎంత భాగం నిజానికి ఆ స్త్రీలకు చెందాలి? షిజుకో డైరీని నవలతో పక్కపక్కన పెట్టి పరిశీలించిన వ్యాసం ఆంగ్లంలో ఏదైనా ఉంటే దయచేసి తెలియజేయగలరు.

1930లో కమకురా దగ్గర ఆయనతో కలిసి ఆత్మహత్యకు పూనుకున్న యువతి చనిపోయి ఆయన బతకడం, 1948 జూన్‌లో మరో ప్రేయసి యమజాకి తోమియేతో కలిసి తమగావా కాలువలో మరణించడం గురించి అందరూ రాస్తారు (కొంత అత్యుత్సాహంతోనే అనిపిస్తుంది). ఆయన చెబుతుంటే కొన్ని రచనలను కాగితం మీద పెట్టిన భార్య మిచికో గురించి మాత్రం రెండు మూడు వాక్యాలకు మించి నాకు దొరకలేదు. ఆమె జ్ఞాపకాలు అనువాదమయ్యాయా? ఏడాది వయసులోనే తండ్రిని పోగొట్టుకుని, తరువాత తానూ పేరున్న రచయిత్రి అయిన దజాయ్, మిచికోల కుమార్తె త్సుషిమా యూకోను ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటారు?