బోరు నీళ్ళకి లాన్ మాడిపోతోంది, పీకేసి టైల్స్ వేయించేయాలా? (ఒంగోలు)

ఒంగోలు_పెరడు:

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు, కర్నూలు రోడ్డు వైపు కొత్త కాలనీ. ఇంటి వెనక సెంటున్నర దాకా ఖాళీ స్థలం ఉంది. అసలు నేల నల్లరేగడి, ఇల్లు కట్టేటప్పుడు మెరక కోసం గ్రావెల్ తోలించాం, దాని మీద అరడుగు ఎర్రమట్టి పోయించాం. సంక్రాంతి అయ్యాక కడియం నుంచి వచ్చిన లోడులో కార్పెట్ గడ్డి తెప్పించి పరిపించాం, నర్సరీ అతను మెక్సికన్ గ్రాస్ అన్నాడు, మార్చి దాకా చూడముచ్చటగానే ఉంది.

ఇప్పుడు మే వచ్చేసరికి కొనలు గోధుమరంగుకి తిరిగి, అక్కడక్కడా చాపంత మేర పసుపుపచ్చగా అయిపోయింది. పొద్దున, సాయంత్రం రెండు పూటలా పైపుతో తడుపుతూనే ఉన్నాం. బలం చాల్లేదేమోనని మా తోటమాలి యూరియా చల్లాడు, ఆ వారంలో ఇంకా మాడింది. గడ్డి పలచబడ్డ చోట తుంగ లేస్తోంది, పీకిన చోటే రెండింతలు మొలుస్తోంది. ఇంట్లోవాళ్ళేమో ఈ టెన్షన్ అంతా ఎందుకు, మొత్తం టైల్స్ వేయించి నాలుగు కుండీలు పెట్టుకుందాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. వేరే రకం గడ్డి వేస్తే నిలుస్తుందా? మన వైపు ఎవరైనా లాన్ పెంచినవాళ్ళుంటే చెప్పండి.

కావలి_తోట:

అన్నా, గడ్డి రకం సంగతి తర్వాత చూద్దాం, ముందు నీళ్ళ సంగతి చెప్పు. బోరు నీళ్ళ టీడీఎస్ (లీటరు నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎన్ని మిల్లీగ్రాములో ఆ లెక్క) ఎంత? మట్టి ఆరినాక పైన తెల్లగా పొర కడుతోందా? ఆకు కొన నుంచి కిందికి మాడుకుంటూ వస్తే చాలావరకు ఉప్పు పనే. గుండ్రంగా మచ్చలు పడి అంచులో ముదురు రంగు వలయం కనపడితే తెగులు. పట్టుకుని లాగితే గడ్డి చాప చుట్టినట్టు లేచి వచ్చేస్తే కింద వేరు పురుగు కొట్టేస్తోందని, అక్కడ నాలుగంగుళాలు తవ్వి చూడు, తెల్లగా వంకర తిరిగిన పురుగులు దొరుకుతాయి. మూడింటికీ మందులు వేరు కాబట్టి చూడకుండా ఏదీ చల్లొద్దు.

ఇంకోటి, ఇంట్లో ఆర్.ఓ. ఉంటే దాని వేస్ట్ నీళ్ళు ఎటు పోతున్నాయి?

ఒంగోలు_పెరడు:

లాగితే లేవడం లేదు, వేళ్ళు గట్టిగానే ఉన్నాయి. వలయాలు కూడా లేవు. తెల్ల పొర మాత్రం ఉంది, గోడ వారగా అయితే వేలితో గీరితే వస్తోంది. ఆర్.ఓ. సర్వీసు అబ్బాయి మీటరు పెట్టి చూస్తే బోరు నీళ్ళు 1,900 చూపించింది. వేస్ట్ పైపు ప్లంబరు పెరట్లోకే వదిలాడు, నీళ్ళు వృథా పోకుండా మొక్కలకి పోతాయి కదా అని. మీరు అడిగాక చూస్తే ఎక్కువ మాడింది ఆ మూలే.

కావలి_తోట:

దొరికింది కదా. ఆర్.ఓ. మంచినీళ్ళు మనకిచ్చి ఉప్పంతా ఆ పైపులోకే తోస్తుంది, కాబట్టి అందులో ఉప్పు బోరు నీళ్ళకన్నా ఎక్కువ. మెషీన్‌ని బట్టి రెండున్నర వేలు, మూడు వేలు దాకా ఉండొచ్చు. ఆ నీళ్ళు బాత్‌రూం కడగడానికో బండి కడగడానికో వాడు, గడ్డికి మాత్రం ఈరోజే ఆపేయి.

నల్లరేగడి_రైతు:

పర్చూరు దగ్గర మాకు సేద్యం ఉంది, చౌడుతో పడ్డ బాధలు తెలుసు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

టీడీఎస్ 1,900 అంటే ఈసీ లెక్కలో, అదే కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పు కొలిచే లెక్కలో, సుమారు 3 వస్తుంది (టీడీఎస్‌ని 640తో భాగించండి). 0.75 లోపు అయితే ఏ మొక్కకైనా దిగులు లేదు, 3 దాటిందంటే చాలా మొక్కలకి కష్టమే. మీరు అంచు మీద ఉన్నారు. గరిక జాతి, అదే బెర్ముడా, దీన్ని తట్టుకుంటుంది. మట్టిలో ఈసీ 6 దాటేవరకు దాని ఎదుగుదల పెద్దగా తగ్గదు. సముద్రపు ఒడ్డున పెరిగే పాస్పాలం ఇంకా మొండిది, కానీ మన దగ్గర నర్సరీల్లో అది దొరకడం కష్టం. కాబట్టి రకం మార్చడంలో తప్పులేదు, కాకపోతే ఇప్పుడున్న మట్టిలోనే మారిస్తే రెండేళ్ళలో గరిక కూడా ఇదే గతి పడుతుంది. ఉప్పు దిగిపోయే దారి లేకుండా మీరు పైనుంచి రోజూ పోస్తున్నారు.

రెండు పూటలా పైపైన తడపడం మానేయండి. అలా తడిపితే నీళ్ళు రెండంగుళాలు దిగి, మధ్యాహ్నానికి ఆవిరైపోయి, ఉప్పుని వేళ్ళ దగ్గరే వదిలేస్తాయి. రెండు మూడు రోజులకోసారి తెల్లవారుజామున అరడుగు లోతు దాకా దిగేటట్టు పెట్టండి. స్క్రూడ్రైవర్ గుచ్చి చూస్తే తడి ఎంత దిగిందో తెలిసిపోతుంది. యూరియా ఇప్పుడు వద్దు, ఉప్పు నేలలో ఎండాకాలం చల్లితే కొనలు ఇంకా మాడతాయి, మీకు జరిగిందీ అదే. గడ్డిని మరీ నేలమట్టానికి కోయించొద్దు, ఎండల్లో రెండంగుళాల ఎత్తు ఉంచి, ఒక కోతలో మూడో వంతుకి మించి తీయకుండా చూసుకోండి.

ఇక మట్టి. పాల చౌడా, కారు చౌడా తేల్చుకోవాలి. తెల్లగా పొడిపొడిగా పొర కడితే పాల చౌడు, దానికి మంచినీళ్ళతో కడగడం తప్ప మందు లేదు. నేల నల్లగా గట్టిపడి నీళ్ళు గంటల తరబడి ఇంకకుండా నిలిచిపోతే కారు చౌడు, అప్పుడు జిప్సం కావాలి. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని మట్టి రేణువుల నుంచి తోసేస్తుంది, తర్వాత నీళ్ళు పెడితే అది కిందికి పోతుంది. పాల చౌడుకి జిప్సం బస్తాలు పోస్తే డబ్బులు దండగ. నాలుగైదు చోట్ల వి ఆకారంలో ఆరంగుళాల లోతు తవ్వి, పక్క నుంచి పలచగా మట్టి గీసి, అన్నీ కలిపి నీడలో ఆరబెట్టి అరకిలో తీసుకెళ్ళండి, బోరు నీళ్ళు కూడా ఒక సీసాలో. వ్యవసాయ శాఖ భూసార పరీక్ష కేంద్రంలో ఇవ్వొచ్చు, దర్శి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్ళని అడిగినా చెబుతారు. పెరటి మట్టి కదా అని మొహమాటపడొద్దు.

అసలు మందు మాత్రం ఈశాన్య రుతుపవనాలే. మనకి అక్టోబరు, నవంబరులో పడే వాన ఉప్పు లేని నీళ్ళు, పైగా ఉచితం. అడుగు లోతు మట్టిలోంచి ఆరంగుళాల మంచినీళ్ళు కిందికి దిగితే ఉప్పు సగం, అడుగు నీళ్ళు దిగితే 80 శాతం దాకా పోతుందని లెక్క. అయితే దిగాలి, నిలవకూడదు. మీ గ్రావెల్ రోలరుతో తొక్కించి ఉంటే అది గచ్చులా అడ్డం పడుతుంది. గడ్డపారతో ఒకచోట కొట్టి చూడండి.

రాళ్ళపాడు_గాలి:

ఎవరూ అనడం లేదు కాబట్టి నేనంటాను. మనది 44 డిగ్రీలు కొట్టే జిల్లా, ఎండాకాలంలో ట్యాంకర్ల కోసం జనం బిందెలు పట్టుకుని నిలబడుతుంటే సెంటున్నర గడ్డికి రోజూ నీళ్ళు పోయడం నాకు సబబుగా అనిపించదు. అందులోనూ వినాయక చవితికి పొలం గట్ల మీద ఉచితంగా పీక్కొచ్చే గరికని వదిలేసి, లారీలో తెచ్చిన గడ్డికి చదరపు అడుగు చొప్పున డబ్బు పోసి. టైల్స్ వేయించి వానాకాలం నీళ్ళు పోయేట్టు వాలు పెట్టించుకోండి, సుఖం.

చీమకుర్తి_రాయి:

టైల్స్‌తో సుఖం ఏముందండీ, పడమటి ఎండ కొట్టే పెరట్లో టైల్స్ వేస్తే రాత్రి తొమ్మిదింటిదాకా వంటగది గోడ సెగలు కక్కుతుంది. పైగా పడ్డ వాన మొత్తం కాలవలోకి పోతుంది, బోరు ఇంకా ఉప్పెక్కుతుంది. గడ్డి తగ్గించుకోమంటే మాత్రం ఒప్పుకుంటాను. మధ్యలో పిల్లలు ఆడుకునేంత గడ్డి, మిగతాది మట్టి, చెట్లు, నడవడానికి రాళ్ళు. చీమకుర్తి కటింగ్ ఫ్యాక్టరీల దగ్గర పనికిరాని గ్రానైట్ ముక్కలు ట్రాక్టరు లోడు లెక్కన చవగ్గా ఇస్తారు. కాకపోతే నల్ల గ్రానైట్ మే నెలలో ఒట్టి కాళ్ళతో తొక్కలేం, గరుకు వైపు పైకి పెట్టి చెట్టు నీడ పడేచోట వేసుకోండి. నున్నటి వైపు పెడితే వానలో జారి నడుం విరుగుతుంది. మార్కాపురం పలక రాయి చూడ్డానికి బాగుంటుంది గానీ పలచటి ముక్కలు మట్టి మీద నేరుగా వేస్తే పగులుతాయి, కింద ఇసుక పరుపు ఉండాలి.

నెల్లూరు_అమ్మమ్మ:

బాబూ, మాది నెల్లూరు, మాగుంట లేఅవుట్. నాకు లాన్‌ల గురించి తెలియదు, పెరడు గురించి చెబుతాను. ఉప్పు నీళ్ళకి ఓర్చే చెట్లు ఉన్నాయి నాయనా. కొబ్బరి, సపోటా, రేగు పెట్టుకో, నీడా వస్తుంది, కాయా వస్తుంది. నిమ్మ మాత్రం పెట్టొద్దు, పొదలకూరు తోటలు చూసి మనసు పడి తెచ్చుకుంటారు, ఉప్పు తగిలితే ఆకులన్నీ రాల్చేసుకుంటుంది. బీన్సు, క్యారెట్ జోలికీ పోవద్దు. పాలకూర, బీట్‌రూట్ తట్టుకుంటాయి. తోటకూర, గోంగూర కుండీల్లో అయినా వస్తాయి. గోడ వారగా పందిరి వేసి దొండ పాకించు, ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి కాస్తుంది, వీధివీధికీ పంచుకోవాల్సి వస్తుంది. మల్లెని పందిరి నీడలో పెట్టబాకు, దానికి ఎండ కావాలి.

మీ వైపు పొగాకు ఎక్కువ కదా, మొక్కలకి పట్టే పేనుకి పొగాకు కషాయం కొట్టమని ఎవరో ఒకరు చెబుతారు. టమాటా, మిరప, వంకాయ మీద మాత్రం కొట్టొద్దు, ఆ పొగాకులోంచే మొజాయిక్ తెగులు అంటుకుంటుంది. చుట్ట తాగినాయన చేతులు కడుక్కోకుండా టమాటా మొక్క ముట్టుకున్నా అంతే. మా ఇంట్లో మీ తాతయ్యని అందుకే ఆ మళ్ళ వైపు రానిచ్చేదాన్ని కాదు.

కావలి_తోట:

అమ్మమ్మ గారు, తాతయ్యకి నా సానుభూతి.

తుంగ గురించి ఎవరూ చెప్పలేదు. పీకితే ఆకు మాత్రమే వస్తుంది అన్నా, గడ్డ కింద ఉండిపోతుంది, ఒక్కో గడ్డ నుంచి దారంలా సాగి ఇంకో గడ్డ కడుతుంది. అందుకే పీకినకొద్దీ పెరుగుతుంది. గ్లైఫోసేట్ కొడితే నీ గడ్డి కూడా పోతుంది, పైగా 2022 నుంచి దాన్ని పెస్ట్ కంట్రోల్ లైసెన్సు ఉన్నవాళ్ళే వాడాలని కేంద్రం ఆంక్ష పెట్టింది. చెరకు, మొక్కజొన్న రైతులు వాడే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ అనే మందు ఉంది, అది తుంగ మీద పనిచేస్తుంది, గరికని చంపదు. తుంగ పూతకి రాకముందు, పచ్చగా ఎదుగుతున్నప్పుడు డబ్బా మీద రాసిన మోతాదులో కొట్టాలి. పసుపుబారడానికి రెండు మూడు వారాలు పడుతుంది, పనిచేయలేదని మళ్ళీ మళ్ళీ కొట్టొద్దు. కూరమళ్ళ మీద మాత్రం పడనీయొద్దు. పెరడు చిన్నదే కాబట్టి ఓపిక ఉంటే గడ్డతో సహా తవ్వి తీయడం ఇంకా మేలు.

ఒంగోలు_పెరడు:

అందరికీ చాలా థాంక్స్. గడ్డపారతో కొట్టించి చూశాను, నల్లరేగడి రైతుగారు అన్నట్టే అరడుగు కింద గ్రావెల్ రాయిలా బిగిసి ఉంది. ఆర్.ఓ. పైపు తిప్పించేశాను. మాడిన సగం తీసేసి, బాగున్న సగం ఉంచుదామని అనుకుంటున్నాం, టైల్స్ ప్రస్తుతానికి ఆగాయి. ఖాళీ అయిన చోట వెంటనే గరిక నాటొచ్చా, లేక వానలదాకా ఆగాలా? మున్సిపల్ నీళ్ళు తీపే గానీ రోజూ రావు.

నల్లరేగడి_రైతు:

ఆగండి. ముందు ఆ గ్రావెల్‌ని అక్కడక్కడా పగలగొట్టించి కిందున్న నల్లమట్టి దాకా గుంటలు తీయించండి, లేకపోతే పైన ఏం చేసినా ఒకటే. ఆ గుంటల్లో ఏటి ఇసుక, ఆకుచెత్త నింపొచ్చు, సముద్రపు ఇసుక వద్దు. పైన నేలకి పది అడుగులకు రెండంగుళాల వాలు ఇంటి వైపు నుంచి బయటికి.

జూలైలో వాన పడగానే జీలుగ విత్తనం చల్లండి, చౌడుకి అంతకన్నా మంచి పచ్చిరొట్ట లేదు. 45 రోజులకి పూత మొదలవుతుంది, అప్పుడు కోసి మట్టిలో కలిపేయండి. అక్టోబరు, నవంబరు వానలకి ఆ నేలని అలాగే వదిలేయండి. వీలైతే డాబా మీది వాన గొట్టాన్ని కూడా అటే తిప్పండి. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు, మున్సిపల్ పంపు కన్నా నయం. డిసెంబరులో మళ్ళీ ఒకసారి మట్టి పరీక్ష చేయించి, అప్పుడు గరిక కాడలు మూడు నాలుగంగుళాల ఎడంతో నాటుకోండి, మన చలికి గరిక ఎదుగుదల ఆగదు. ఎండలు ముదిరేలోపు వేరు లోతుకి పోతుంది.

రాళ్ళపాడు_గాలి:

జీలుగ, వాన గొట్టం వరకు నాకు అభ్యంతరం లేదు. గడ్డి మాత్రం సగానికి మించనీయకండి.

ఒంగోలు_పెరడు:

సగం కూడా ఉండదు లెండి. అమ్మమ్మగారి లిస్టు చూసి మా ఆవిడ దొండ పందిరికి అప్పుడే గోడ కొలిపించింది. జీలుగ విత్తనాలు ఇంత కొంచెం విడిగా ఎక్కడ ఇస్తారు? ఎరువుల కొట్లో అడిగితే బస్తా అంటున్నారు.

నల్లరేగడి_రైతు:

సెంటున్నరకి పావుకిలో చాలు. జూన్ ఆఖర్లో ఇటు వస్తే మా ఇంట్లోంచి ఇస్తాను, మెసేజ్ పెట్టండి.