తిరుపతిలో లిఫ్ట్ లేని పాత అపార్ట్‌మెంట్, ఎప్పటిదో ఎట్ల తెలుసుకునేది?

కొత్తకాపురం:
మా మామ బాలాజీ కాలనీ దగ్గర పాత అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు తీస్కున్నాడు, లిఫ్ట్ లేదు, కింద పార్కింగూ లేదు, గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఇండ్లుండాయి, మెట్ల పక్కన పైదాకా సిమెంటు జాలీ, లోపలంతా మొజాయిక్, వంటింట్లో కడప రాయి అరలు. ఎప్పుడు కట్టిందో అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తాండారు. ఇంకోటి, వంటింటికీ హాలుకీ మధ్య గోడ తీసేద్దాం అంటాడు మేస్త్రి, తీయొచ్చా?

పాతమిద్దె:
పార్కింగ్ లేదంటేనే స్కూటర్ల కాలందని అర్థం అబ్బా. ఊరంటే గోవిందరాజస్వామి గుడి, రైల్వే స్టేషన్ చుట్టుపక్కలే, 1954లో యూనివర్సిటీ వచ్చినాక మెల్లగా అటుపక్క పెరిగింది. తుడా, అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, వచ్చింది 1981లో, కాబట్టి ప్లాన్ అప్రూవల్ మీద ఎవరి సీలుందో చూడండి, తుడాదైతే ఆ తర్వాతదే. మొదటి ఓనరు దస్తావేజు దొరికితే ఇంకా మేలు, అపార్ట్‌మెంట్ల చట్టం 1987ది, దాని ప్రస్తావన ఉంటే అంతకు ముందుది కానట్టే. అన్‌డివైడెడ్ షేర్, అంటే కింద స్థలంలో ఆ ఫ్లాటు వాటా, ఎన్ని గజాలో కూడా అందులోనే చూస్కోండి, రేపు కూల్చి కట్టాలంటే విలువంతా దాంట్లోనే.

సైటుమనిషి:
డేటు తర్వాత, ముందు ఆ మేస్త్రిని ఆపండి సామీ! అప్పట్లో మూడంతస్తులంటే పిల్లర్లు లేకుండా ఇటుక గోడల మీదే స్లాబు వేసేసేవాళ్ళు, గోడ తీస్తే పై ఇల్లు దేనిమీద నిలబడాల? గది మూలల్లో పిల్లర్ లోపలికి పొడుచుకోని వచ్చిందా, పైన బీము కనిపిస్తాందా చూడండి, అవేవీ లేకుండా గోడ తొమ్మిది అంగుళాలుంటే బరువు దానిమీదే ఉన్నట్టు లెక్క. నాలుగున్నర అంగుళాలదైనా సరే ఇంజనీరుకు చూపించకుండా సుత్తి ఎత్తొద్దు.

జాలీపిల్ల:
నేను పెరిగింది అట్లాంటి దాంట్లోనే, బాల్ జాలీలో ఇరుక్కుంటే పొరకపుల్లతో పొడిచి తీసేవాళ్ళం. మొజాయిక్ మీద టైల్స్ మాత్రం వేయించొద్దు ప్లీజ్, చలువరాతి ముక్కలు సిమెంటులో కలిపి పరిచి, ఆరినాక మిషనుతో మళ్ళా మళ్ళా రుద్దితే వచ్చిన నునుపు అది, గడుల మధ్య గాజు పట్టీ ఉందేమో చూడండి. మాసిపోయుంటే ఇంకోసారి పాలిష్ పెట్టిస్తే చాలు.

కొత్తకాపురం:
థాంక్స్ అందరికీ. ఇప్పుడే తలుపు దగ్గర కొలిచినా, సున్నం పూతతో కలిపి పది అంగుళాలు, పిల్లర్ ఎక్కడా లేదు. మేస్త్రిని పంపించేసినాం. గాజు పట్టీలుండాయి, ఆకుపచ్చవి. టైల్స్ సంగతి అత్తతో తేల్చుకోవాల.